పన్నెండు మార్కుల కోడలు

పుంగనూరు మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, రామకుప్పం అవతల ఒక పల్లెకు కోడలిగా వెళ్ళాను. యుద్ధం నడుస్తున్న రోజులవి. మా అత్తగారింటి పొలమంతా వాన మీద ఆధారపడ్డదే. తాగే నీళ్ళకైతే వంకలో తవ్విన చెలమ ఒక్కటే దిక్కు. మా అత్త నెత్తిన ఒక బిందె, చంకలో ఒక బిందె పెట్టుకుని రాళ్ళదారిన వచ్చేది. గడపలో దించగానే నడుం పట్టుకుని కాసేపు వంగే ఉండేది. నేను తెస్తానంటే మొదట్లో వినలేదు. విన్న తర్వాత ఆ దారి ఎలాంటిదో నాకూ తెలిసింది.

నేను మాత్రం ఆ ఇంట్లో ఏడాదే ఉంటాననుకుని వచ్చాను. మదనపల్లెలో టీచర్ ట్రైనింగుకు నాకు సీటు చెప్పి ఉంచింది మా బడి పెద్ద టీచరమ్మ. వచ్చే వేసవి దాటాక చేరాలి. పెళ్ళిమాటలప్పుడే మా నాయన ఆ సంగతి ఎత్తితే మామ, "సదువుకోనీలేప్పా, దానికేముండాది! టీచరమ్మయితే మాకే పేరు" అన్నాడు. అన్నమాట తప్పే మనిషి కాదాయన. తప్పి ఉంటే నాకు ఇంత కథే లేదు.

రాగినాట్లు సగంలో ఉండగా కుప్పం నుంచి వ్యవసాయం ఆఫీసరు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. పద్ధతిగా సేద్యం చేసే రైతుకు సర్కారు ఖర్చుతో బావి తవ్విస్తారట. ఎవరిది పద్ధతో తేల్చడానికి ఆయన దగ్గర ఆరు ప్రశ్నల కాగితం ఒకటుంది. ఎరువుగుంత ఉందా, పైరు సాళ్ళుగా నాటుతారా, గట్టుమీద పెంచిన కంచె ఉందా, విత్తనాలు ఏరి దాస్తారా, పశువుల కొట్టంలో బండలు పరిచారా, రోజూ సేద్యం లెక్క రాసే మనిషి ఇంట్లో ఉన్నారా. అవునంటే రెండు, సగమంటే ఒకటి, లేదంటే సున్నా. అంతటితో అయిపోదు. ప్రతి ప్రశ్నకూ ఒక బరువు వేశారు. ఎరువుగుంతకు ఐదు, సాళ్ళకూ కంచెకూ నాలుగేసి, విత్తనాలకు మూడు, కొట్టానికి రెండు. వచ్చిన జవాబును ఆ బరువుతో హెచ్చవేసి అన్నీ కూడాలి. ముప్పై ఆరు దాటకపోయినా సరే, ముట్టుకుంటే చాలు, బావి.

ఇంట్లో చదువొచ్చింది నాకొక్కదానికే కాబట్టి పెన్సిలు నా చేతికిచ్చి కూడమన్నాడు ఆఫీసరు. ఎరువుగుంతకు పది వచ్చింది, కంచెకు ఎనిమిది. పొలంలో అప్పటికి నాటిన సగమే సాళ్ళు, అందుకు నాలుగు. విత్తనాలు సగమే ఏరినవి కాబట్టి మూడు. కొట్టం బురద కాబట్టి సున్నా. అప్పటికి ఇరవై ఐదు. చివరి ప్రశ్న బరువు ఆరు. లెక్క రాసే మనిషిని నేనే. ఆరు రెళ్ళు పన్నెండు. మొత్తం ముప్పై ఏడు.

మామ ముఖం వెలిగిపోయింది. ఆఫీసరు సైకిలెక్కబోతూ, "వేసవిలో వచ్చి మళ్ళీ చూసి ఖాయం చేస్తాను. ఆ పన్నెండూ తీసుకుంటే బావి పడ్డాక మూడేళ్ళ పంట లెక్క చూపాలి. రాసే మనిషి కదలకూడదు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. కాడెద్దులకు లేని మార్కులు నాకెందుకు? ఆ కాగితం తయారుచేసిన మహానుభావుడెవరో గాని, కోడలిని ఎరువుగుంత కన్నా బరువుగా తూచాడు. మర్యాదే అనుకోవాలి.

ఆరోజే కూర్చుని నేను లేకుండా లెక్క వేశాను. మిగతా ఐదింటికీ నిండుగా మార్కులు వస్తే సరిగ్గా ముప్పై ఆరు. ఒక్కటి తగ్గినా లేదు. సరే, నిండుగానే తెప్పిస్తాననుకున్నాను. మిగిలిన నాట్లన్నీ తాడు పట్టి సాళ్ళు వేయించాను. కోతలప్పుడు మంచి వెన్నులు ఏరి, బూడిద కలిపి కుండల్లో దాచాను. మా ఆయనను నిద్రపోనివ్వకుండా గుట్ట నుంచి బండలు మోయించి కొట్టమంతా పరిపించాను. నా చేతులు బొబ్బలెక్కాయి. ఆయన ఒక బండ దించుతూ, "మనిసికి లేని గచ్చు ఆవులకు యాలమ్మే?" అని నవ్వాడు. ఎందుకో చెప్పాను. నవ్వడం మానేసి ఇంకో బండకు వెళ్ళాడు. ఆయనకే అక్షరాలు నేర్పుదామనీ చూశాను. పలక చేతిలో పెడితే కూర్చున్నచోటే కునికేవాడు.

వేసవికి అన్నీ కుదిరాయి. నేను లేకుండా ముప్పై ఆరు. మదనపల్లెకు జాబు రాశాను, వస్తున్నానని. పెట్టె కూడా దులిపి పెట్టుకున్నాను.

ఆఫీసరు వస్తాడన్న వారంలో ఒక సాయంత్రం వడగళ్ళతో వాన దంచింది. నీళ్ళు లేక మేం బావి కోసం అల్లాడుతుంటే వంక పొంగి, మా పొలం తూర్పుగట్టును కంచెతో సహా ఊడ్చుకుపోయింది. ముళ్ళకంప తెచ్చి అడ్డం వేశాం. కాగితం అడిగింది పెంచిన కంచె. అది మళ్ళీ పెరగాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ బురదలో నిలబడి వాననే తిట్టాను. ప్రార్థన చేసుకునే నోటితో అలా తిట్టకూడదని మా అత్త అననైనా అనలేదు.

ఆఫీసరు వచ్చాడు. కోసిన పైరు కొయ్యకాళ్ళలో సాళ్ళు చూశాడు, కొట్టం చూసి మెచ్చుకున్నాడు. తెగిన గట్టు దగ్గర ఆగి, "కంచె సగం" అన్నాడు. అరుగు మీద కూర్చుని మళ్ళీ పెన్సిలు నాకే ఇచ్చాడు. కూడాను. ముప్పై రెండు. చివరి ప్రశ్న మిగిలింది.

"ఇక్కడే ఉంటావు కదమ్మా?" అని అడిగాడు.

నాకన్నా ముందు మామ అందుకున్నాడు. "లేదు సారూ. మా కోడలు మదనపల్లికి పోతాండాది, టీచరు సదువుకు. ఆ బిడ్డకు మాటిచ్చినాను. ఆడ సున్నా రాసుకోండి."

అప్పుడే మా అత్త చెలమ నుంచి వచ్చింది. ఆ మాట ఆమె చెవిన పడింది. బిందెలు దించి, నడుం పట్టుకుని, ఎప్పటిలాగే వంగి నిలబడింది. మామ పోవద్దని కసిరి ఉంటే, ఆమె ఏడ్చి గోల చేసి ఉంటే, ఆరోజే పెట్టె ఎత్తుకుని కుప్పం స్టేషనుకు నడిచిపోయేదాన్ని. ఇద్దరూ నాకు దారి వదిలి నిలబడ్డారు. ఆ దారిన నాకు కాలు కదల్లేదు.

"ఉంటాను" అని పన్నెండు వేశాను. నలభై నాలుగు.

"వద్దమ్మా, నువ్వు పోమ్మా" అంటూనే మామ కళ్ళు తుడుచుకున్నాడు. అది నా కోసమో బావి కోసమో ఆయనకైనా తెలుసో లేదో. నా సీటు వేరే పిల్లకు ఇచ్చారని తర్వాత జాబు వచ్చింది. ఆ పిల్ల ముఖమైనా ఎరగను, ఏళ్ళ తరబడి ఆమె మీద కుళ్ళుకున్నాను.

బావి తవ్వారు. రాయి పడుతుందని భయపెట్టారు గాని పడలేదు. ఊట తేరిన రోజు పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేశాడు. మొదటి చేద నేనే తోడాలని మా అత్త పట్టుబట్టింది. తోడాను. దోసిలి పట్టి తాగాను. అందరూ నా ముఖం చూస్తున్నారు.

"ఎట్లుండాయమ్మా?" అంది అత్త.

చాలా తియ్యగా ఉన్నాయి. ఉప్పునీళ్ళు పడి ఉంటే నా బతుకంతా కోపగించుకోవడానికి నాకొక ఆధారమైనా దొరికేది.