మా అక్క గడియ పెట్టని డిసెంబరు

మా అక్క లుజ్మిలా గురించి రాయడానికి ఈ లోర్కా ఊళ్లో నాకంటే తగినవాడు లేడు. ఈక్వడార్‌లో కొండమీది మా ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. స్పెయిన్ వచ్చాక పదిహేడేళ్లు బ్రోకలీ కోశాను. అరవై ఒకటో ఏట కూడా నా వరసని దాటి ముందుకెళ్లిన కుర్రాడు లేడు. మా ఈక్వడార్ వాళ్ల సంఘానికి తొమ్మిదేళ్లు కార్యదర్శిగా చేశాను, ఒక్క సమావేశం తప్పలేదు. ఇంత చేసినవాణ్ణే అయినా మా అక్క ముందు నేనేపాటి!

రెండువేల సంవత్సరంలో, నలభై ఎనిమిదేళ్ల వయసులో, ఒంటరిగా విమానం దిగింది. పగలు తోటల్లో ఆకుకూరల కోత, సాయంత్రం మంచాన పడ్డ ముసలమ్మలకి స్నానాలు. ఆరేళ్లలో ఇద్దరు పిల్లల్నీ, నన్నూ, మరో తొమ్మిదిమందినీ ఇక్కడికి రప్పించింది. వచ్చిన రోజున ఆవిడ సంచిలో ఉన్నవి రెండు లంగాలు, వేయించిన మొక్కజొన్నలు, దుప్పట్లో చుట్టిన, మా నాన్న ఇచ్చిన బాలయేసు. జానెడు కొయ్యబొమ్మ.

ఆ బాలయేసుకి మా వంశంలో ఒక పద్ధతి ఉంది. డిసెంబరు రెండో ఆదివారం చర్చిలో పూజ చేయించి, ఇంటికి తెచ్చి గడ్డిలో పడుకోబెట్టి, వీధి తలుపు గడియ తీసి ఉంచుతాం. మనవాళ్లలోనే వేరే ఇంటివాళ్లెవరో ఆయన్ని ఎత్తుకుపోవాలి. ఏడాదంతా దాచుకుని, మళ్లీ డిసెంబరుకి కొత్త బట్టలు కట్టి, బాజాలతో తీసుకొచ్చి, అరవై మందికి భోజనం పెట్టాలి. ఎవరు తీశారని అడగకూడదు. అడిగితే ఆ దొంగతనం చెల్లదు. వరసగా మూడేళ్లు ఎవరూ తియ్యకపోతే ఆయన్ని మా ఊరి చర్చికి పంపెయ్యాలి, మళ్లీ తెచ్చుకోవడమంటూ ఉండదు. అది నాన్న చేతిలో చెయ్యేసి అక్క ఇచ్చిన మాట.

రెండేళ్లు ఎవరూ తియ్యలేదు. పిల్లలొస్తారు, తింటారు, ఫోన్లు చూసుకుంటారు, పోతారు.

"నాన్న ఉన్నప్పుడు ఈయన కోసం మూడు ముఠాలు కొట్టుకునేవిరా," అనేది అక్క. "ఇప్పుడు తలుపు తీసి పెడితే చలిగాలి తప్ప ఎవరూ రారు."

ఇది మూడో ఏడు. పూజ మర్నాడు పొద్దున అక్క రొట్టె తేవడానికి వెళ్లినప్పుడు నేనే తీశాను.

నాది అద్దెగది. ఆరుగురు కూర్చుంటే ఏడోవాడు మంచమెక్కాలి. పండగ చెయ్యడం నా వల్ల కాదు. నా ఆలోచన వేరు. క్రిస్మస్ పండగలకి మొదట వాలెన్సియాలో అక్క కొడుకు వినీసియో ఇంటికి, అక్కణ్ణించి సరగోసాలో కూతురు మిరేయా ఇంటికి వెళ్తాం. కారు నడిపేది నేను. ఇద్దర్లో ఒకరి చేతిలో గుట్టుగా పెట్టేస్తే సరి.

అక్క సంగతే నేను ఊహించలేదు. ఖాళీ గడ్డి చూసి ముందు చప్పట్లు కొట్టింది. మధ్యాహ్నానికల్లా మొహం మారిపోయింది.

"ఒరే ఎర్మెల్, మనవాళ్లేనంటావా? దారినపోయే దొంగెవడైనా అయితే?"

"టీవీ వదిలేసి కొయ్యబొమ్మ పట్టుకెళ్తాడా అక్కా?"

"పాతది కదరా. ధర పలుకుతుందనుకుని ఉంటాడు."

అప్పణ్ణించి ఆవిడకి కుదురు లేదు. కూర్చుంటే లేచేది, లేస్తే ఎందుకు లేచిందో మర్చిపోయేది.

క్రిస్మస్‌కి వాలెన్సియా చేరాం. పంది కాలు కాలుతుంటే అందరూ వంటింట్లో ఉన్నారు. అక్క అల్మారాలన్నీ తెరిచింది. బట్టలుతికే మిషన్లో తల దూర్చింది.

"అమ్మా, ఉప్పు డబ్బాలో ఏం వెతుకుతున్నావ్?" అన్నాడు వినీసియో.

"ఉప్పు."

"మోచేతి దాకానా?"

వాణ్ణి బాల్కనీలోకి లాక్కెళ్లి నా సంచి తెరిచి బాలయేసుని చూపించాను.

"మావయ్యా, నీకేమైనా మతిపోయిందా? నాకు నైట్ డ్యూటీలు, ఇద్దరు చంటిపిల్లలు. అరవై మందికి వండేదెవరు, నువ్వా?"

"నేనే! సంఘం విందులో నూట ఇరవై మందికి పంది కాల్చిన చెయ్యిరా ఇది."

"అయితే నీ దగ్గరే ఉంచుకో."

సంచి మూసేశాను.

సరగోసా దారిలో అరగంటకోసారి కారు ఆపించింది అక్క. కాళ్లు పట్టేశాయంటుంది, దిగదు. దిగితే ఎక్కదు. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి, ఇక్కడి ఆచారం ప్రకారం పన్నెండు గంటలకి పన్నెండు ద్రాక్షపళ్లు మింగే వేళకి అందరి చేతులూ ఖాళీ అయ్యాయి. ఆవిడ చేతిలో ఏడు మిగిలాయి. కళ్లు అల్మారా పైన ఉన్నాయి.

"అన్నీ తినకపోతే అదృష్టం ఉండదట అత్తయ్యా," అన్నాడు అల్లుడు ఫెర్మీన్. ఆ ఊళ్లో పుట్టిన స్పెయిన్‌వాడే.

"నా అదృష్టం ద్రాక్షల్లో లేదు నాయనా."

మర్నాడు వంటింట్లో మిరేయాకి చూపించాను. అది చాలాసేపు చూసింది. బొమ్మ పాదం వేలితో తుడిచింది.

"తీసుకోవే తల్లీ."

"తీసుకోను మావయ్యా. నువ్వు చేతిలో పెడితే అది దొంగతనమెలా అవుతుంది? అమ్మని మోసం చెయ్యమంటావా?"

బొమ్మని మళ్లీ సంచిలో పెట్టేశాను. కాఫీ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఫెర్మీన్ గొంతు సవరించుకుని పక్కకి తప్పుకున్నాడు.

జనవరి ఆరున ముగ్గురు రాజుల పండగ కూడా అక్కడే చేసుకుని ఏడో తారీఖున బయల్దేరాం. దారిలో తెరువేల్ దగ్గర మంచు మొదలైంది. కారు ఆపి మందుల కోసం సంచి తెరిచాను. బాలయేసు లేడు.

"ఏంట్రా ఆ మొహం?" అంది అక్క.

ఇక దాచలేకపోయాను. మొత్తం చెప్పేశాను. చేతిసంచితో నా భుజం మీద ఒక్కటిచ్చింది.

"నువ్వా! అరవై మందిని ఎక్కడ కూర్చోబెడదామనుకున్నావ్, నీ నెత్తిమీదా? పండగలన్నాళ్లూ నా చేత డబ్బాల్లో చేతులు పెట్టించావు కదరా!"

"నీ కోసమే కదక్కా."

"నోరుముయ్యి." తనూ సంచిలోకి తొంగిచూసింది. "పర్సు ఉందా?"

"ఉంది."

"మందులు?"

"ఉన్నాయి."

"ఆయనొక్కడే లేడు."

"నిన్న సాయంత్రం చూశాను, ఉన్నాడు. సంచి రాత్రంతా వాళ్ల ముందుగదిలోనే ఉంది. పొద్దున తెచ్చి కార్లో పెట్టుకున్నాను."

అక్క గొంతు తగ్గించింది, ఎవరో వింటున్నట్టు. "మిరేయా అంటావా?"

"అల్లుడు కూడా కావచ్చు."

"వాడికి మన పద్ధతి ఏం తెలుసురా!"

"గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు."

అంతలో ఫోన్ మోగింది. మిరేయా. అక్క నాకూ వినపడేలా పెట్టింది.

"ఎక్కడిదాకా వచ్చారమ్మా?"

"తెరువేల్. మంచు పడుతోంది."

నేను చెయ్యూపాను, అడగొద్దని. నాకు తెలుసు లేరా అన్నట్టు కళ్లెర్రజేసింది. శాలువా కొస నోటికి అడ్డం పెట్టుకుంది.

"మావయ్య మందులేసుకున్నాడా?"

"ఇప్పుడే సంచి తెరిచాడు."

అవతల ఫెర్మీన్ ఏదో అనబోయాడు. మిరేయా ఉష్ అంది.

"సరేనమ్మా. జాగ్రత్తగా వెళ్లండి."

అక్క ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ చేతిలోకి తీసుకుంది. మళ్లీ పెట్టేసింది.

"ఇంకా పదకొండు నెలలురా," అంది. "పదకొండు నెలలు ఈ నోరు ఎలా మూసుకోను? పోనీ, పోనీ, కారు తియ్యి."