కళ్లజోడు పెట్టుకుని విన్న సార్

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే కోచింగ్ నాటి స్నేహితురాలు ఫోన్ చేసి, "సైకాలజీ సార్ పోయిండ్రే" అంది. మాట నేర్పిన మనిషి పోయారన్న కబురుకు నేనిలా మూగబోయానని తెలిస్తే ఆయన నవ్వేవారు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నల్గొండ పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో టీచరు ఉద్యోగాల కోచింగ్‌లో చేరాను. అంతకుముందే ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగానికి డెమో పాఠం చెప్పడానికి వెళ్లాను. "గిట్ల చూడుండ్రి" అనగానే ఎవరో కిసుక్కున నవ్వారు. చాక్‌పీసు అక్కడే వదిలేసి వచ్చేశాను. నలుగురిలో నోరు పెగలని మనిషికి బీఎడ్ చదువు దేనికని ఏడ్చుకున్నాను.

కోచింగ్‌లో సైకాలజీ చెప్పే సార్‌ది గోదావరి వైపు. ఏళ్ల తరబడి సరూర్‌నగర్‌లో ఉన్నా ఆయన యాస మారలేదు, మా యాసను ఒక్కనాడూ దిద్దలేదు. పాఠం చెప్పేటప్పుడు ఆయన కళ్లజోడు జేబులోనే ఉండేది. మాలో ఎవరైనా లేచి మాట్లాడితే మాత్రం తీసి పెట్టుకుని, బల్లకు ఆనుకుని వినేవారు. మొదట్లో నేను "తెల్వదు సార్" అన్నా ఆ గౌరవం దక్కింది. కొన్నాళ్లకు, పూర్తి వాక్యం చెబితే తప్ప కళ్లజోడు బయటికి రాలేదు. ఆ తర్వాత బోర్డు దగ్గరికి వెళ్తేనే వచ్చింది. నా భయం ఎప్పుడు తగ్గిందో నాకే తెలియలేదు.

పునర్బలనం పాఠం రోజున గుట్టు విప్పారు. "మెచ్చుకున్న పనిని మనిషి మళ్ళీ చేస్తాడమ్మా. ముందు చిన్నదానికే మెచ్చుకోవాలి. తర్వాత కొంచెం కొంచెం ఎక్కువ అడగాలి."

"అంటే ఇన్ని దినాలు నన్ను ఆడిపిచ్చిండ్రా సార్?" అన్నాను ఉక్రోషంగా. క్లాసంతా గొల్లున నవ్వింది.

"ఆడించలేదమ్మా, విన్నాను. దొంగ మెచ్చుకోలును పిల్లలు ఇట్టే పసిగట్టేస్తారు. నిజంగా వినకపోతే ఈ విద్య పనిచేయదు."

ఒక బంద్ రోజున ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నాం. ఎవరో మైకు నా చేతిలో పెట్టేసరికి వెనక్కి ఇచ్చేయబోయాను. అప్పుడు జనం వెనకాల, టీకొట్టు పక్కన సార్ కనిపించారు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. ఇంకేముంది, మా ఊరి మాటలోనే దంచేశాను.

నేను మాట్లాడడం అయ్యాక మా క్లాసతను ఆయన్ని అడిగాడు. "సార్, మీరు ఆంధ్రోళ్లు గదా, ఇటెందుకొచ్చిండ్రు?"

"మీ ఉద్యమం సంగతి మీరు చూసుకోండి బాబూ. మా అమ్మాయి మాట్లాడుతుంటే నేను వినకపోతే ఎలా?" అన్నారు. ఆ రోజుల్లో, ఆ గుంపులో నిలబడి ఆ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి.

ఇప్పుడు నేను సర్కారు బడిలో టీచర్ని. నాకింకా కళ్లజోడు రాలేదు కాబట్టి, మాట్లాడే పిల్ల ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంటాను.

పెద్దకర్మ నాడు ఆయన ఇంటికి వెళ్లాం. "నువ్వు రెండు మాటలు చెప్పమ్మా. నీ గురించి ఎప్పుడూ అంటుండేవారు" అన్నారు ఆయన భార్య. లేచాను. డెమో పాఠం నాటిలాగే వదిలేసి వెళ్లిపోవాలనిపించింది. అలవాటుకొద్దీ ఆయన కోసం వెతికాను. దండ వేసిన ఫొటోలో సార్ కళ్లజోడు పెట్టుకుని ఉన్నారు.

"మా సార్ గురించి జెప్త" అని మొదలుపెట్టాను.