లస్మవ్వ వద్దన్న నూలు

ఈ ఉదయం కోడలు అన్నం వార్చి గంజి తొట్టిలో పారబోసింది. ఆ వేడి వాసన వరండాలో కూర్చున్న నా దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే టీవీలో ఒకావిడ, ఇంట్లో డబ్బు ఆదా చేయడం ఎలాగో చెబుతోంది. అవసరం లేని దీపాలు ఆర్పండి, పాత బట్టలు పారేయకండి అంటోంది. అలా మిగిల్చిన డబ్బుతో పండక్కి మంచి చీర కొనుక్కోవచ్చునట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె చెప్పిన చిట్కాల్లో తప్పు లేదు. ఎందుకు మిగుల్చుకోవాలన్నది మాత్రం ఆమెకు తెలియదు. అది తెలిసిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆమెది ఒక్క ఫొటో కూడా లేదు. మీరెవరూ ఆమెను చూసి ఉండరు కనుక చెప్పక తప్పదు. పేరు లస్మవ్వ. సిరిసిల్లలో మగ్గం నేసేది.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. రజాకార్ల గడబిడ అణిగి మూడు నాలుగేళ్ళయింది. రాష్ట్రం ఇంకా హైదరాబాదు పేరుతోనే ఉంది. చెన్నూరు దగ్గర మా ఊళ్ళో నేత పని దొరక్క సిరిసిల్ల చేరాను. లస్మవ్వ భర్త దగ్గుతో పోయాడు. ఆయన మగ్గం ఖాళీగా ఉంటే నాకు ఇచ్చింది. పక్క మగ్గం ఆమెది. చుట్టరికం ఏమీ లేదు, అయినా పెద్దవ్వా అని పిలిచేవాణ్ణి. అదే ఇంట్లో నా వంట నాది, ఆమె వంట ఆమెది. ఇద్దరం ఒకే షావుకారు దగ్గర నూలు తూకానికి తెచ్చుకుని, బట్ట నేసి మళ్ళీ తూకానికి ఇచ్చేవాళ్ళం.

ఆమె ఇంట్లో వృథా అయ్యే వస్తువు లేదు. సబ్బు తెస్తే దారంతో నాలుగు ముక్కలు కోసి, అటక మీద నెల రోజులు ఎండనిచ్చి గాని వాడేది కాదు. ఎండిన సబ్బు తొందరగా కరగదు. ఉన్న ఒక్క దీపాన్ని రెండు అర్రల మధ్య గోడకు తొలిచిన గూట్లో పెట్టేది, రెండు వైపులా వెలుగు పడేది. పులుసు పిండుకున్న చింతపండు పిప్పితో ఇత్తడి చెంబులు తోమేది, గింజలు ఉడకబెట్టి మగ్గం మీది పడుగు పోగులకు పట్టించే గంజిలో కలిపేది. గట్క వండే ప్రతిసారీ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు జొన్నరవ్వ వెనక్కి తీసేది. ఆ రవ్వతో వారానికో పూట గడిపి, ఆ మేరకు మిగిలిన జొన్నలు గుమ్మిలో, అంటే గాదెలో, పోసేది.

నాకు నవ్వొచ్చేది. "పెద్దవ్వా, పోయేటప్పుడు గీ సబ్బు ముక్కలు మూటగట్టుకపోతవా?" అన్నాను ఒకసారి.

"నేనెందుకు పోత? దినాం హోటల్ల నాల్గు చాయ్‌లు తాగేటోనివి, ముందుగాల నువ్వే పోతవ్. నీ మీద కప్పనీకె సుత బట్ట నేనే ఇయ్యాలె" అంది, పోగుల మధ్య ఆడే నాడె ఆపకుండా.

కిరాణం పొట్లాల కాగితాలు కూడా పారేసేది కాదు. చేత్తో సాపు చేసి చాప కింద పరిచేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. నాకు పేరు రాసేటంత వచ్చు. మధ్యాహ్నం తిన్నాక ఒక కాగితం తీసి, "గిండ్ల ఏమున్నదో సదువు, నర్సిగా" అనేది. కూడబలుక్కుని చదివేవాణ్ణి. కాగితంలో సగం కథే ఉండేది, మిగతా సగం ఇంకెవరింట్లోనో చక్కెర పొట్లమై ఉండాలి. ఆ సగం లస్మవ్వ కల్పించి చెప్పేది. ఏ కథైనా ఆమె నోట్లో పడితే చివరికి పటేల్‌కు దెబ్బలు పడాల్సిందే. నేను ఏ బడికీ పోలేదని ఎవరైనా చిన్నచూపు చూస్తే ఇప్పటికీ ఊరుకోను. నా బడి ఆ చాప కింద ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. నేసిన బట్టను కోసి తీసినాక మగ్గానికి జానెడు, మూరెడు పోగుల కొసలు మిగులుతాయి. వాటిని తుక్కు అనేవాళ్ళం. అది నేసినవాడిది. చాలామంది బండి చక్రాలు తుడిచేవాళ్ళకు ఇచ్చేసేవారు. లస్మవ్వ ఒక్కో పోగునూ ఇంకో పోగుకు ముడేసి, కండెలకు చుట్టుకునేది. నిలువు పోగులైన పడుగుకు మాత్రం సంతలో నూలు కొని, అడ్డం పోగులైన పేకకు ఈ ముడుల నూలు వాడి తన ఇంటి బట్ట తానే నేసుకునేది. అలా నేసిన పంచె ఒకటి నాకిచ్చింది. గంజి పెట్టి, ముడులున్న వైపు లోపలికి మడిచి కట్టుకుంటే కొత్త పెళ్ళికొడుకు పంచెలా ఉంది.

అది కట్టుకుని హోటల్‌కు పోయాను. నలుగురు పంచె పట్టుకుని చూస్తుంటే నోరు ఊరుకోలేదు. "పైస ఖర్సు లేదు. మా ఇంట్ల మగ్గం మీదిదే" అన్నాను. పడుగు నూలు కొన్న సంగతి మింగేశాను. తుక్కు సంగతీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని. రెండో రోజుకల్లా ఆ మాట షావుకారు చెవిన పడింది. నూలు దొంగ అని ఒకసారి పేరు పడితే ఆ ఊళ్ళో ఇంకెవరూ నూలు ఇవ్వరు. నూలు లేకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే లస్మవ్వకు మరో ఆధారం లేదు.

శనివారం నూలు తూకానికి పదిమందిమి అరుగు ముందు వరసలో ఉన్నాం. లస్మవ్వ వంతు వచ్చింది. గుమాస్తా నూలు తూచి ఆమె ముందు పెట్టాడు. షావుకారు అప్పుడు నోరు విప్పాడు.

"లస్మక్కా, నా నూలుతోటి పంచెలు నేసి పంచుతున్నవంట. ధర్మం జెయ్యవట్టినవా?"

అందరూ నా నడుము వైపు చూశారు. పంచె నా ఒంటి మీదే ఉంది. లస్మవ్వ నా వైపు ఒక్కసారి చూసి, దగ్గరికి వచ్చి, పంచె అంచు లాగి వెనక వైపు తిప్పింది.

"బుచ్చయ్య మామా, జర వేలు పెట్టి చూడు" అంది వరసలోని ముసలి నేతగాడితో.

బుచ్చయ్య మామ కళ్ళు సరిగా కనపడవు. వేళ్ళతో తడుముతూ పోయాడు. "ముడి. గిదో ముడి. ఓయబ్బా, జానకో ముడున్నది. గిది తుక్కు, సావుకారీ."

"దొంగిలిచ్చిన నూలైతే గిన్ని ముడులేసుకుంట కూసుంటనా? నాకేం పనిలేదా?" అంది లస్మవ్వ. వరసలో ఎవరో నవ్వారు.

ఆ నవ్వే షావుకారుకు గుచ్చుకుంది. "అయితే తుక్కు గూడ నాదే. నా నూలుదే గద. ఇయ్యాల్టి నుంచి తుక్కు తెచ్చి తక్కెట్ల పెడ్తమన్నోళ్ళకే నూలు. ఇష్టమున్నోళ్ళు తీస్కపోండ్రి."

"మా అత్త కాలం నుంచి తుక్కు నేసినోళ్ళది."

"నీ అత్త కాలం అయిపోయింది."

లస్మవ్వ తన ముందున్న నూలు కట్టను రెండు చేతులతో ఎత్తి మళ్ళీ తక్కెడలో పెట్టింది. "ఉంచుకో" అంది. చెప్పులు కూడా లేని కాళ్ళతో, ఎండలో, వెనక్కి చూడకుండా పోయింది.

తరువాతి వంతు నాది. "నువ్వేమంటవ్‌రా?" అన్నాడు షావుకారు. నా దగ్గర ఆ పూటకు ఉప్పు కూడా లేదు. వారం కూలి హోటల్‌కూ బీడీలకూ పోయింది. "తెస్త" అన్నాను. ఒక్క మాట. ఆమె ఇచ్చిన పంచె కట్టుకుని, నా వాగుడు వల్ల దొంగ అనిపించుకున్న ఆమె వెనక పోకుండా, నూలు కట్ట భుజాన వేసుకున్నాను.

ఇంటికి పోయేసరికి ఆమె ఖాళీ మగ్గం దుమ్ము తుడుస్తోంది. గడపలో నిలబడిపోయాను. "నా నోరు పాడుగాను, పెద్దవ్వా" అన్నాను.

"నోరుదేమున్నది, వాగింది. అది నేను సక్కజేసుకున్న. నీ కుండల జొన్నలు ఎన్ని దినాలకున్నయి?"

"లేవు."

"గందుకే తెస్త అన్నవ్. నా గుమ్మిల నాలుగు నెల్లకున్నయి. గందుకే ఉంచుకో అన్న." కోపం లేదు గొంతులో. "లోపలికి రా, తిన్నవా? రేపటి సంది చాయ్‌లు మూడు బంద్ జెయ్. ఒక్కటి తాగు. మనిషన్నంక ఒక్కటన్న తాగాలె."

ఆ నాలుగు నెలలూ నా మగ్గం ఒక్కటే చప్పుడు చేసింది. ఆమె ఇళ్ళ చుట్టూ తిరిగి పాత చీరలు తెచ్చి బొంతలు కుట్టి ఇచ్చింది. ఊళ్ళో వాళ్ళు పీనాసిది, మొండిది అన్నారు. గుమ్మి అడుగు కనపడే వేళకు కరీంనగర్‌లో ఒక వ్యాపారి నూలు ఇస్తానన్నాడు. బస్సెక్కి పోయి తెచ్చుకుంది. సిరిసిల్ల షావుకారు తన నియమం ఎత్తేశాడని రాయాలని నాకూ ఉంది. ఎత్తేయలేదు. ఏడాది పాటు ప్రతి శనివారం నా తుక్కు మూట ఆ తక్కెడలో నేనే పెట్టాను. బుచ్చయ్య మామ కూడా పెట్టాడు. పెడుతున్నప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

ఏడాది దాటాక, ఆ మధ్యనే పెళ్ళయిన నా భార్యా నేనూ కలిసి మూడు నెలల జొన్నలు కూడబెట్టాక, ఒక శనివారం ఉత్త చేతులతో వెళ్ళాను.

"తుక్కేది?" అన్నాడు షావుకారు.

"ఇంట్ల ఉన్నది. దుప్పటి నేస్తున్న."

"మరి నూలో?"

"వద్దు" అన్నాను. వెనక్కి తిరిగి ఇంటికి నడిచాను.

ఆ తరువాత జీవితంలో చాలామందికి ఆ మాట చెప్పాను. ఓటుకు సారా తెచ్చినవాడికి చెప్పాను, పొలం కాగితం మీద వేలిముద్ర వేయమన్నవాడికి చెప్పాను. పీనాసి అని నన్నూ అన్నారు, అననీ. కానీ లస్మవ్వ ఆ అరుగు ముందు నుంచి పోతున్నప్పుడు ఆమె వెనక చెప్పవలసిన "వద్దు" ఒకటి ఉంది. అది ఏడాది ఆలస్యంగా చెప్పాను. ఆ ఏడాది ఇంకా నా మెడ మీదే ఉంది. దించలేదు, దించను.