ఏడాది ఆగాల్సిన గిన్నె

మొన్న ఎల్‌బీ నగర్ల మెట్రో దిగి, ఖరాదు దుకాణం ముందట చేతుల గుడ్డసంచి పట్టుకొని చానసేపు నిలబడ్డ. ఖరాదంటే కట్టెను గిరగిర తిప్పుకుంట ఉలి పెట్టి గుండ్రంగ చెక్కే మిషను. మంచం కోళ్ళు, పప్పుగుత్తులు, చపాతి కర్రలు దానిమీదనే తయారైతయ్. దుకాణపాయన లోపటి నుంచి తొంగి చూసి "ఏం గావాలె సార్?" అనడిగిండు. "ఆగు తమ్మీ, చెప్త" అన్న. లోపట చెక్కపొట్టు వాసన ఒస్తున్నది. పదేండ్లు మా ఇంట్ల గదే వాసన. నా బనీన్లల్ల, దుప్పట్లల్ల, ఒక్కోసారి చారుల గూడ. ఆ వాసన మీద నేను ఎంత లొల్లి చేసేటోణ్ణో తలుచుకుంటె ఇప్పుడు నవ్వొస్తది, ఎంబడే ఏడుపొస్తది. సంచిల ఉన్నది ఒక గిన్నె. దాని ముచ్చట చెప్పాలంటె మా ఇంటామె ముచ్చట చెప్పాలె. ఆమె ముచ్చట మొదలువెడితె నాకు ఆపుడు రాదు, ముందే చెప్తున్న.

నాది పండ్ల మార్కెట్ బతుకు. నల్లగొండ దిక్కు ఊరి నుంచి ఒచ్చి, గడ్డిఅన్నారం మార్కెట్ల ఒక కమీషన్ దుకాణంల గుమాస్తగ చేరి, ఆడనే జుట్టు తెల్లగైంది. పొద్దుగాల లారీ దిగిన మామిడిపండు సందెకల్ల అమ్ముడుపోవాలె. రేపు చూద్దామంటె రేపటికి అది పండు గాదు, పెంట. అందుకే నాకు అన్నిట్ల తొందర. తిండి తొందర, నడక తొందర, కోపం గూడ తొందరే. మా ఇంటామెది అనకాపల్లి దిక్కు. వాళ్ళ నాయిన కొలువు కోసం దిల్‌సుఖ్‌నగర్ ఒస్తే, వాళ్ళింట్లనే నేను కిరాయికున్న. ఎట్లనో పెండ్లయింది, రెండు దిక్కులోళ్ళు కొన్నొద్దులు మొఖాలు మాడ్చుకున్నరు, తర్వాత మర్సిపోయిండ్రు. ఆమె లెక్కల టీచరు. ఇన్నేండ్లు నాతోని కాపురం చేసి గూడ "ఏంటండీ" అన్నది గని "ఏంది" అనలే. "ఆలస్యం అమృతం విషం" అని నేనంటె, "నిదానమే ప్రధానం" అని ఆమె. మా ఇంట్ల రోజు నడిచే పంచాయితి అదొక్కటే.

రిటైరైనంక అందరు ఆడోళ్ళ లెక్క తీర్థయాత్రలకు పోతదనుకున్న. ఆమె పోయి ఖరాదు మిషను కొనుక్కొచ్చింది. సరూర్‌నగర్ దిక్కు ఒక ముసలి ఉస్తాదు దుకాణం మూసేస్తుండు, మిషను పాత ఇనుప సామానోళ్ళకు ఏసేదుండె, ఈమె అడ్డం పడ్డది. ఆ ఉస్తాదు తాత కాలంల కరెంటు లేదంట. ఒకడు తాడు గుంజుతుంటె కట్టె అటుసగం ఇటుసగం తిరిగేదంట, ఇంకొకడు కూసోని కాలివేళ్ళతోని ఉలి ఒత్తిపట్టి చెక్కేదంట. ఈ సంగతి విని ఆమె మురిసిపోయింది. చిన్నప్పుడు వాళ్ళ దిక్కు అంకుడు కర్రతోని బొమ్మలు చేసేటోళ్ళ ఇండ్ల ముందట గంటలు గంటలు నిలబడేదంట. వాళ్ళు దాన్ని తరిమెన అంటరంట. "మాకు తరిమెన, మీకు ఖరాదు. పేరేదైతేనేం, కర్ర తిరిగితే చాలు" అన్నది. మిషను మెట్ల కింద పెట్టించింది. మొదటి దినం చాలు చేస్తె పక్కింటాయన ఉరికొచ్చి "బోరు ఏపిస్తున్నరా, నీళ్ళు ఎన్ని ఫీట్లకు పడ్డయ్?" అనడిగిండు.

ఆమె చేసిన మొదటి చపాతి కర్ర ఒక దిక్కు లావు, ఒక దిక్కు సన్నం. చపాతీలు ఏ దేశం పటమో తెల్వకుంట ఒస్తుండె. తర్వాత పప్పుగుత్తులు. మా గల్లీల ఎవరింట్ల గృహప్రవేశమైనా, పెండ్లైనా, పురుడైనా మా దిక్కుకెళ్ళి పప్పుగుత్తే. ఎదురింటామెకు ఏకంగ నాలుగు ముట్టినయ్. పాపం ఆమె అన్నిటిని మొహమాటానికి గోడకు తగిలేసుకున్నది. నేను "కొట్టనీకి చేసిస్తున్నవా, తిననీకా?" అని ఏడిపిస్తుంటి. ఆమె అద్దాలు ముక్కు మీదికి జార్చుకొని, జుట్టు నిండ పొట్టు ఏసుకొని "మీ తలకైతే లావుది కావాలి" అనేది. ఉలి మంచిగ తెగి, పొడుగు రిబ్బను లెక్క పొట్టు లేసినప్పుడు ఆమె మొఖం చూడాలె. అరవై ఏండ్ల మనిషి, కొత్తగ సైకిల్ నేర్చిన పోరిలెక్క ఎలిగిపోయేది. నేను ఆ ఖుషీ ఏందో తెలుసుకుందామని గూడ ఒక్క దినం ఉలి పట్టలే. నా పని కట్టె తెచ్చుడే. తోటల రైతులు ముసలి మామిడిచెట్లు కొట్టేస్తే, పండ్ల లారీ మీదనే ఒక దుంగ ఎక్కించుకొచ్చి ఇచ్చేటోళ్ళు. నేను ఆటోల ఏసుకొని ఇంటికి తెస్తుంటి.

గిన్నెల కాడికి ఒచ్చినంకనే మా నిదానం పంచాయితి ముదిరింది. పచ్చి మామిడి కట్టెతోని ఒకటేసారి గిన్నె చేస్తే పగులుతదంట. అందుకని ముందుగాల మందంగ, మొద్దుగ చెక్కాలె. అంచులకు కొవ్వొత్తి మైనం పుయ్యాలె, గోనెసంచిల పొట్టు పోసి అండ్ల దాచి ఏడాది ఆగాలె. ఏడాదికి ఎండి, గుంజుకపోయి, కోడిగుడ్డు లెక్క వంకర ఐతది. అప్పుడు మల్ల మిషనుకెక్కించి గుండ్రం చెయ్యాలె. "ఏడాదా? మా మార్కెట్ల ఏడాదికి ఎన్ని లక్షల పండ్లు మురుగుతయో ఎరికేనా?" అన్న. ఆమె ఎండిన గిన్నె ఒకటి ఎక్కించి తిప్పింది. వంకర గిన్నె తిరుగుతుంటె రెండు గిన్నెలు కనిపించినయ్. లోపట గట్టి గిన్నె, దాని చుట్టు పల్చగ, పొగలెక్క, ఇంకో గిన్నె. "ఆ నీడ కనిపిస్తోందా? దాన్నే కొయ్యాలి. నీడ పోయిందంటే గిన్నె గుండ్రంగా వచ్చినట్టు" అన్నది. ఉలి ఆనించంగనే నీడ సన్నబడుకుంట సన్నబడుకుంట మాయమైంది. నేను నోరు తెరుసుకొని చూసిన. ఆమెకు దొరికిపోవద్దని "ఛాయ్ పెడ్తవా లేదా?" అన్న.

మార్కెట్‌ను ఊరవతల బాటసింగారంకు మార్చినంక నాకు పొద్దున పోవుడు, రాత్రి ఒచ్చుడు దూరమైంది. ఆ ఎండాకాలమే ఆమెకు ఒంట్ల బాగలేదని దవాఖానకు పోతె, పెద్ద జబ్బని చెప్పిండ్రు. ఇంటికొచ్చి నేను మంచంల పడ్డ. ఆమె మెట్ల కిందికి పోయింది. నేను తెచ్చిన ఆఖరి దుంగ ఉండె, నల్లగీతలున్న మంచి దుంగ. జర జర కూసుంట, జర జర లేసుకుంట, ఆ దుంగనంత మొద్దు గిన్నెలు చేసింది. మైనం పూసింది. సంచిల పెట్టి మూతి కట్టింది. "వచ్చే మామిళ్ళ కాలానికి వీటిలోనే ముక్కలు కోసుకు తిందాం. నాకు ఓపిక లేకపోతే, నేను ఉలులు పదును పెట్టించుకునే ఎల్‌బీ నగర్ దుకాణం ఆయనకి ఇవ్వండి. నీడనే కొయ్యమని చెప్పండి. తొందరపడి ముందే తీసుకెళ్ళకండి. ఏడాది ఆగుతారుగా?" అన్నది. ఆగుత అన్న. నువ్వు ఆగుతవా అని అడగలే. మల్ల మామిడిపూత రాకముందే ఆమె పోయింది.

మాకు ఒక్కతే బిడ్డ, కొడుకులు లేరు. కర్మ నేనే చెయ్యాల్సొచ్చింది. పదకొండోనాడు గల్లీల షామియానా ఏసి, ఒక మూలకు వంటలాయన రాళ్ళ పొయ్యి పెట్టుకున్నడు. నేను అయ్యగారి ముందట పీట మీద కూసున్న. పిండం పెట్టేటప్పుడు కర్త నడుమ లేవద్దు, మాట్లాడొద్దు. అప్పుడు పొయ్యి దిక్కు చూసిన. వంటలాయన ఒక గోనెసంచి బోర్లిస్తుండు. పొట్టు రాలింది, పొట్టు ఎనక గుండ్రంగ మొద్దులు దొర్లినయ్. ఒక్కొక్కటే పొయ్యిల పెడుతుండు. మైనం అంటుకొని భగ్గున మండుతున్నది. నేను చెయ్యి లేపిన, సగం లేసిన. మా బామ్మర్ది ఎనక నుంచి రెండు భుజాలు పట్టుకొని కూసోపెట్టిండు. "బావగారూ, లేవకూడదు. అక్క కోసం ఓర్చుకోండి" అన్నడు, తనూ ఏడ్సుకుంట. చుట్టున్నోళ్ళందరు నేను పెండ్లాం కోసం ఏడుస్తున్ననుకున్నరు. నిజమే, ఆమె కోసమే ఏడుస్తున్న. గని పొయ్యి దిక్కు ఎవరు చూడలే. అయ్యగారు మంత్రం చదువుతుండు, నేను చేతుల నువ్వులు నీళ్ళు పట్టుకొని, ఆమె గిన్నెలు కాలుతుంటె చూసుకుంట కూసున్న.

లేవంగనే ఉరికిన. ఒక్కటి మిగిలింది, పొయ్యి అంచుకు, ఒక దిక్కు నల్లగ మాడి. ఉత్త చేతులతోని గుంజిన. మా అక్క ఉరికొచ్చి "ఏందిరా, కట్టెముక్క కోసం చెయ్యి కాల్చుకుంటవా?" అన్నది. సంచి చూపెట్టింది మా అక్కనే. వంటలాయన కట్టెలు తక్కువైనయంటె, మెట్ల కింద పనికిరాని ముక్కలున్నయ్ తీస్కపో అన్నదంట. అక్కను ఏమనాలె? పోయినోళ్ళ పాత సామాను ఆ దినం ఇంట్లకెళ్ళి తీసేసుడు మా దిక్కు రివాజే. అండ్ల ఆ మొద్దులను చూసి గిన్నెలని ఎవరంటరు? సంగతి తెలిసినంక అక్క ఆ దినం మెతుకు ముట్టలే, షామియానా గుంజకు ఒరిగి కూసున్నది. నేను తిన్న. కర్త తినకుంటె పోయినోళ్ళకు అందదంటరు. ఆమె గిన్నెల మంట మీద ఉడికిన అన్నం, ముద్ద ముద్దకు నీళ్ళు తాగుకుంట తిన్న.

మిగిలినదాన్ని మల్ల పొట్టుల పెట్టి ఏడాది ఆగిన. జీవితంల దేనికీ ఆగనోణ్ణి, దీనికాగిన. మొన్న తీస్కపోయిన.

ఎవరు చేసిందో చెప్పి ఇస్తె, దుకాణపాయన గిన్నెను వేళ్ళతోని కొట్టి చూసిండు, టక్కుమని మోగింది. "మంచిగ ఎండింది సార్. మేడమ్ చేతిది గదా, చూస్తెనే తెలుస్తది. మాడింది తీసేస్తే చిన్నగ ఐతది గని గుండ్రంగ ఒస్తది" అన్నడు. మిషనుకెక్కించి చాలు చేసిండు. నడుమ గట్టి గిన్నె, చుట్టు పొగలెక్క ఇంకో గిన్నె. మాడిన అంచు నల్లగ మెరుసుకుంట తిరుగుతున్నది. ఆమె ఉలి పెట్టిన గీతలన్నీ ఆ నీడ మీదనే ఉన్నయ్. ఆయన ఉలి తీసి దగ్గరికి తెచ్చిండు.

"ఆపు తమ్మీ" అన్న.

"ఏమైంది సార్?"

"ఇంకా పచ్చిగనే ఉన్నది. ఒచ్చే ఏడు తెస్త."

ఆయన గిన్నె దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. విప్పి, పొట్టు దులిపి, సంచిల పెట్టి ఇచ్చిండు. ఒక్క దినం ఆగితె పాడయ్యే పండ్ల నడుమ బతికినోణ్ణి నేను. ఆగుడంటె ఏందో ఆమె పోయినంక నేర్చుకున్న, ఇప్పుడు ఎన్నేండ్లన్న ఆగుత.