నవ్వినవాళ్లు లేచి చెప్పాలి

నేను అడిగినదానికి ఇంతవరకు ఒక్కరూ జవాబు ఇవ్వలేదు. మా ఇంగ్లీషు క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఆ వెంటనే ఎవరో గుడ్ మార్నింగ్ పువ్వు పెడితే, దానికి మాత్రం అందరూ దండాలు పెట్టారు.

మదనపల్లె టమోటా మండీలో వేలం కేకేసేది నేనే. లారీ హారన్ల మధ్య కూడా నా గొంతు ఆ చివరిదాకా వినబడుతుంది. అక్కడ నాకు భయం లేదు. కానీ ఇప్పుడు ఉమ్మితే అప్పుడప్పుడు నెత్తురు జీర పడుతోంది. ఇక అరవొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కుప్పం దగ్గర టమోటా గుజ్జు కంపెనీలో సరుకు కొనే ఉద్యోగం ఉందని తెలిసింది. కాకపోతే ఇంగ్లీషు మాట్లాడాలి. నాకు అదంటేనే భయం.

అందుకే పుంగనూరులో, టైలరు షాపు పైగదిలో జరిగే ఆదివారం క్లాసులో చేరాను. నేర్పేది ఒక రిటైరైన టీచరమ్మ. ముందు అందరం కలిసి చిన్నపిల్లల పాటలు పాడతాం. గుంపులో తప్పెవరిదో తెలియదు కాబట్టి అది నాకు హాయి. తర్వాత ఒక్కొక్కరే లేచి జోకు చెప్పాలి. దానికి టీచరమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. ముందుగా నవ్వినవాళ్లు లేచి, ఎందుకు నవ్వొచ్చిందో ఇంగ్లీషులో చెప్పాలి.

నా వంతు వచ్చేసరికి ప్రతిసారీ టైమైపోయేది. ఒకసారి గట్టిగా అడిగితే మెడికల్ షాపు ఆమె, "నువ్వు లేస్తే యాలప్పా మాకు క్లాసు, నీ గొంతుకు రోడ్డు మీద పొయ్యేవాళ్లందరికీ ఇంగ్లీషు వచ్చేస్తాది" అంది. దానికి మాత్రం అందరూ నవ్వారు. తెలుగు మాట కదా, లేచి చెప్పనక్కర్లేదు. అది నేను మరిచిపోలేదు.

చివరికి నా వంతు వచ్చింది. నేను లేవగానే టీచరమ్మకు ఫోనొచ్చి మెట్ల మీదికి వెళ్లింది. ఆమె వచ్చేదాకా ఆగుదామని కూడా ఎవరూ అనలేదు. నేనే కట్టుకున్న జోకు ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఒక మేక మండీలో దూరి బాక్సెడు టమోటాలు తినేసింది. యజమాని కర్ర ఎత్తాడు. మేక అంది కదా, "కొట్టొద్దు, నేను తింటే సరుకు తగ్గి నీ రేటు లేస్తుంది."

ఎవరూ నవ్వలేదు. అందరూ నేల చూశారు. రామసముద్రం నుంచి క్లాసుకు వచ్చే, మేకలు మేపే పెద్దాయన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. నా ఇంగ్లీషు ఒక్క ముక్కైనా వాళ్లకు అందలేదనుకున్నాను. ఎలా కూర్చున్నానో తెలియదు.

అదే భయంతో కుప్పం కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లాను. నీ పని గురించి చెప్పమన్నాడు ఆఫీసరు. ఇంగ్లీషులో మొదలుపెట్టాను. అతను ఏమీ అనకుండా నన్ను చూస్తూ ఉండిపోయాడు. పైగదిలోని మౌనమే మళ్లీ నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నట్టయింది. సగంలో ఆగిపోయాను. సోమవారం పెద్ద మేనేజరు వస్తాడు, ఆయన ముందు ఇంకోసారి చెప్పమన్నాడు. అది దయో, పొమ్మనలేక అన్నదో అర్థం కాలేదు.

నిన్న బస్టాండులో మేకల పెద్దాయన కనబడితే వదల్లేదు.

"ఆ పొద్దు యాల నవ్వలేదు పెద్దాయనా?"

"నవ్వితే లేసి ఇంగ్లీషులో సెప్పల్ల గదప్పా! నాకు పానం పోతాది."

"అంటే నవ్వొచ్చిందా? నా మాట తెలిసిందా?"

"అదో, మా బస్సొస్తాండాది" అని తువ్వాలు దులుపుకుని ఎక్కేశాడు.

అంటే వాళ్లూ నాలాగే భయపడ్డారా? లేక ఆయన నోరు మూసుకున్నది నా ఇంగ్లీషును చూసి నవ్వాపుకోలేకనా? ఈ రెంటిలో ఏదో తెలియకుండా నేను ఆ మేనేజరు ముందు నోరు తెరవలేను. ఉద్యోగం రాకపోతే మళ్లీ ఈ గొంతుతోనే మండీలో అరవాలి.

ఆదివారం అందరికంటే ముందు వచ్చి పైగది తలుపు దగ్గర నిలబడతాను. పాటల్లేవు, జోకుల్లేవు, గ్రూపులో అడిగిందే మళ్లీ అడుగుతాను. లేచి చెప్పనక్కర్లేదు, కూర్చునే చెప్పండి, తెలుగులోనే చెప్పండి. ఆ రోజు నేను మాట్లాడింది మీకు అర్థమైందా, కాలేదా? ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సిందే.