ఎండకు వెలిసిపోయిన మందు

రెండువేల రెండో సంవత్సరం, జూలై పద్దెనిమిదో తేదీ, గురువారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నేను ప్రపంచ వైద్యచరిత్రలో అడుగుపెట్టాను. అదే సంవత్సరం ఆగస్టు ఇరవయ్యారో తేదీ, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు అందులోంచి బయటికి వచ్చేశాను. మధ్యలో గడిచినవి ముప్పైతొమ్మిది రోజులు. ఆ రోజుల్లో నాకు ఇరవైమూడేళ్లు. కొలవగలిగిందంతా కొలిచి రాసుకుంటే లోకంలో నాకు తెలియనిదంటూ ఏదీ మిగలదని గట్టి నమ్మకం. (ఇప్పటికీ కొలుస్తూనే ఉన్నాను. నమ్మకమే కొంత తరిగింది. ఎంత తరిగిందో కొలవలేదు.)

బొల్లారంలో ఒక పాత మేడ కింది భాగంలో మా ప్రయోగశాల ఉండేది. మొక్కల ఆకుల్లోంచి, వేళ్లలోంచి పదార్థాలను వేరుచేసి, వాటిలో ఏదైనా కొత్త మందుకు దారి చూపుతుందేమో పరీక్షించడం మా పని. మా పెద్దసారు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన శాస్త్రవేత్త. ఆయన కింద మేం నలుగురం. పైభాగంలో ఆ ఇంటి యజమానురాలు ఉండేది. ఆమెను అందరం పెద్దమ్మ అనే పిలిచేవాళ్లం. మేడమీది చిన్న గదిలో నేను అద్దెకు ఉండేవాణ్ణి. ఉద్యోగం తాత్కాలికం. మార్చి ఒకటిన చేరాను, ఆగస్టు ముప్పయ్యొకటితో ఆరు నెలల గడువు తీరిపోతుంది. ఆలోగా పనికొచ్చేదేదైనా తేలితే ఉద్యోగం ఖాయం, తేలకపోతే పెట్టె సర్దుకోవడం ఖాయం. ప్రతిదానికీ తేదీ, వారం, గంట చెబుతానని తోటివాళ్లు నాకు ‘పంచాంగం’ అని పేరు పెట్టారు. పెద్దసారు కూడా చివరికి అదే పేరుతో పిలవసాగారు. జీతం రసీదు మీద మాత్రం అసలు పేరే ఉండేది.

అప్పట్లో మేం పట్టుకున్న మొక్క పొడపత్రి. మధుమేహం ఉన్నవాళ్లు తరతరాలుగా నమిలే తీగ అది. దాని ఆకు నమిలాక కాసేపటివరకు నాలుకకు తీపి తెలియదు. ఆకు అసలైనదో కాదో తేల్చడానికి ఇదే తొలి పరీక్ష కనుక, ఎవరో ఒకరు నమలాలి. ఆ ‘ఎవరో ఒకరు’ సహజంగానే తాత్కాలిక ఉద్యోగి. మొదటిసారి నమిలిన రోజున, ఆ సంగతి మరిచిపోయి, సికింద్రాబాద్ స్టేషను ఎదుటి ఇరానీ హోటలుకు వెళ్లి, చాయ్‌లో చక్కెర లేదని వాదించి, మూడు చెంచాలు అదనంగా వేయించుకున్నాను. సగం తాగేసరికి నాలుక స్పృహలోకి వచ్చింది. (నలభై ఏడు నిమిషాలు. డైరీలో ఉంది.) అయితే మా ఆశ నాలుక మీద కాదు, పేగుల మీద. తిన్న అన్నాన్ని చక్కెరగా విరగ్గొట్టే ఎంజైము ఒకటి అక్కడ ఉంటుంది. దాన్ని కాస్త నెమ్మదింపజేయగలిగితే భోజనం కాగానే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. ఆ పని చేసే మందులు అప్పటికే ఉన్నా, కడుపులో గాలి పుట్టించి మనిషిని నలుగురిలో కూర్చోనివ్వవని పేరు. పొడపత్రిలో అంతకంటే మర్యాదస్తురాలైన పదార్థం దొరుకుతుందేమోనని పెద్దసారు వెతుకులాట.

జూన్ పదిహేడున, సోమవారం, తీగలనుంచి కోసిన పచ్చి ఆకును మేడమీద రేకుల పందిరి నీడలో తెల్లని గుడ్డ పరిచి ఆరబెట్టాను. ఉదయం, సాయంత్రం తూకం వేసి, గాలిలో తేమతో సహా రిజిస్టరులో ఎక్కించాను. మా ఆరబోతకు పక్కనే పెద్దమ్మ వడియాలు ఎండేవి. ఆమెకు పదకొండేళ్లుగా సుగర్. మెట్లెక్కి వచ్చినప్పుడల్లా ఆకుల వంక చూసి, “మందు తయారైందా బిడ్డా? అయితే ముందుగాల నాకే ఇయ్యాలె. కిరాయి సుత తీసుకోను ఆ నెల,” అనేది. తేలికగానే అనేది కాని, కూతురు పంపిన కోవా డబ్బాను మూత తీయకుండా మా ప్రయోగశాలకు ఇచ్చిన రోజున ఆమె ముఖం చూశాను. అందుకే మందు తయారైతే ముందు ఆమెకేనని మాటిచ్చి, నా లెక్కల్లో ఆమెను మొదటి రోగిగా చేర్చుకున్నాను.

ఇక జూలై పద్దెనిమిది. ఎండిన ఆకు పొడిని స్పిరిట్‌లో నానబెట్టి తీసిన సారాన్ని నిలువు గాజుగొట్టంలో పోసి, రంగుల చారలుగా విడదీస్తున్నాను. మొదటి చార ఆకుపచ్చ, రెండోది బురదరంగు. మూడోది, పదకొండు గంటల పది నిమిషాలకు, నిగనిగలాడే పసుపుపచ్చ చార. దాన్ని పరీక్షనాళికలో పట్టి ఎంజైము మీద వేస్తే ఎంజైము చతికిలబడింది. మళ్లీ వేశాం, మళ్లీ చతికిలబడింది. పెద్దసారు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, “ఏవయ్యా పంచాంగం, ఇదేదో కొత్త పిల్లలా ఉందే,” అన్నారు. మూడో చార కనుక దానికి ‘బొల్లారం-మూడు’ అని తాత్కాలిక నామకరణం జరిగింది. ఆ ఆనందంలో నా చెయ్యి తగిలి నాలుగు చుక్కలు నా తెల్ల చొక్కా మణికట్టు మీద ఒలికాయి. ఆ చొక్కాను ఉతకలేదు. మడిచి, మీద తేదీ రాసిన చీటీ గుచ్చి, పెట్టెలో దాచాను. మా నాన్నకు కార్డు కూడా రాశాను. (కవరులో పెట్టి రాయవలసింది. కార్డు కనుక మా ఊరి పోస్టుమ్యాన్ ముందు చదివాడు, మా నాన్న తర్వాత చదివారు, ఆపైన ఆయన ఆఫీసంతా చదివింది.)

ఒక్కసారి దొరికింది మరోసారి దొరికితేనే శాస్త్రం. ఆగస్టు ముప్పైన, శుక్రవారం, పెద్దల బృందం ఒకటి వచ్చి మా పని చూసి, ఇకముందు నిధులివ్వాలో వద్దో తేల్చబోతోంది. ఆలోగా రెండో ఆరబోత ఎండింది. గొట్టంలో ఆకుపచ్చ దిగింది, బురదరంగు దిగింది, ఆ తర్వాత ఏమీ దిగలేదు. మూడో ఆరబోతా అంతే. పెద్దసారు స్పిరిట్‌ను అనుమానించారు, గొట్టాన్ని అనుమానించారు, వర్షాకాలాన్ని అనుమానించారు. నేను తీగను అనుమానించి, మొదట ఆకు కోసిన కంచె దగ్గరికే, అల్వాల్ దాకా, సైకిలు మీద వెళ్లి వచ్చాను. రిజిస్టరునే అనుమానించాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే అది రాసింది నేను.

ఆగస్టు ఇరవయ్యయిదు, ఆదివారం. పెద్దల ముందు నిలబడడానికి నాకున్న మంచి చొక్కా ఆ ఒక్కటే. మనసు రాయి చేసుకుని, చీటీ తీసి, మేడమీది కుళాయి దగ్గర సబ్బు రుద్దాను. పసుపుపచ్చ మరక క్షణంలో నెత్తురులా ఎర్రబడింది. నేను భయపడ్డాను. తర్వాత పరవశించాను. సబ్బులోని క్షారం తగిలితే రంగు మార్చే లక్షణం ఎంత విశిష్టమైనదో! గదిలోకి పరుగెత్తి డైరీ తెచ్చి, తడిచేత్తోనే సమయం రాస్తుండగా పెద్దమ్మ వడియాలు తిరగేయడానికి వచ్చింది. చొక్కా వంక చూసింది, నా వంక చూసింది.

“గంత పరేషానెందుకు బిడ్డా? పసుపు మరక. సబ్బు వెట్టినవ్, ఎర్రగైంది. ఎండల ఎయ్యి, పోతది.”

అది పసుపు కాదనీ, పొడపత్రిలోంచి తీసిన కొత్త పదార్థమనీ నేను వివరించబోయాను. ఆమె ఓపికగా విని, అటుపక్క ఖాళీగా ఉన్న రేకుల పందిరిని గడ్డంతో చూపించింది.

“గా ఆకులేనా? మీరు పొద్దుకొకసారి తూకమేస్తరు గని, పురుగు వట్టింది సూడరు. గా ఐతారం నువ్వు లేవు. నేనే ఇంట్ల కొట్టిన పసుపు రెండు దోసిళ్లు సల్లి, మంచిగ కలిపిన. మా అమ్మ పప్పులకు గట్లనే కలిపేది, పురుగు రాదు. మల్ల ఆకులు ఎండేసినప్పుడు నేను బిడ్డ దగ్గరికి పోయిన, లేకుంటే గప్పుడు సుత సల్లుతుంటి.”

రిజిస్టరు తెరిచాను. జూన్ ఇరవైరెండు, శనివారం సాయంత్రం: పన్నెండు వందల పన్నెండు గ్రాములు. ఇరవైనాలుగు, సోమవారం ఉదయం: పదమూడు వందల యాభైనాలుగు. ఎండుతున్న ఆకు నూట నలభై రెండు గ్రాములు బరువెక్కింది. పక్కనే, నా గుండ్రటి దస్తూరీలో, బ్రాకెట్లలో: ‘ఆదివారపు చినుకుల వల్ల గాలిలో తేమ’. దాని కింద: ‘ఆకు రంగు: లేత బంగారు ఛాయ. ఎండడం మిక్కిలి సంతృప్తికరం.’ (వాసన తెలియలేదా అని మీరడగవచ్చు. ఆ ఇంట్లో కింద స్పిరిట్ వాసన, మీద పోపు వాసన. మూడోదానికి చోటు లేదు.) పుట్టినప్పటినుంచి రోజుకు రెండు పూటలా పసుపు తింటున్న ఐదుగురం, పసుపును గాజుగొట్టంలో చూసి గుర్తుపట్టలేకపోయాం.

చొక్కాను ఎండలో ఆరేసి దాని ఎదుటే కూర్చున్నాను. చెప్పకపోతే ఏమవుతుందో లెక్క వేశాను. మొదటి ఆరబోత ఫలితాలు కాగితం మీద నిజమైనవే. శుక్రవారం పెద్దలు వస్తారు, శనివారం నా గడువు ముగుస్తుంది. ఈ ఆరు రోజులు నోరు మూసుకుంటే చాలు. సాయంత్రానికి మణికట్టు మీది మరక, పెద్దమ్మ చెప్పినట్టే, వెలిసిపోయింది. సాక్ష్యం కూడా పోయింది కదా అని కాసేపు ఆనందించాను కాని, పెద్దమ్మ మెట్లు దిగుతూ, “మరి నా మందు పసుపేనా బిడ్డా?” అని అడిగాక, రిజిస్టరులో ఆ పేజీకి గుర్తు పెట్టాను.

సోమవారం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు పెద్దసారుకు రిజిస్టరు చూపించాను. పెద్దమ్మను అడిగి చిటికెడు పసుపు తెప్పించి, దాని సారాన్నీ బొల్లారం-మూడునూ ఒకే గాజుపలక మీద పక్కపక్కన నడిపించారు. రెండువైపులా మూడేసి చుక్కలు, జంటలు జంటలుగా, ఒకే ఎత్తున నిలబడ్డాయి, అంటే రెండూ ఒకటే. పసుపుకు రంగునిచ్చే పదార్థం ఏ పరీక్షలో వేసినా నేనున్నానని చెయ్యెత్తుతుందనీ, గాజునాళికలో చేసే హడావిడి కడుపులోకి వెళ్లాక చెయ్యదనీ, ఒంటికి పట్టేది బహు తక్కువనీ ఆయన నిదానంగా చెప్పారు. గుమ్మం దగ్గర పసుపు డబ్బాతో నిలబడి అంతా విన్న పెద్దమ్మ అదే సిద్ధాంతాన్ని ఒక్క మాటలో తేల్చేసింది.

“అంతేలే సారూ. పసుపే మందైతే, ముప్పయ్యేండ్లు చేతులార కొట్టుకొని తిన్న నాకు సుగరెందుకొస్తది?”

పెద్దసారు ముందు నవ్వారు, తర్వాత మేమంతా నవ్వాం, చివరికి ఆమె కూడా నవ్వింది. ఆమె నవ్వే అందరికంటే త్వరగా ఆగింది.

శుక్రవారం వచ్చిన పెద్దలకు పెద్దసారు రిజిస్టరులోని ఆ పేజీనే చూపించారు. కొత్త మందుకు నిధులు రాలేదు. బజారులో అమ్మే మూలికల పొడుల్లో కలిసిన పరాయి పదార్థాలను పట్టే చిన్న పని ఒకటి వచ్చింది. శనివారం నేను పెట్టె సర్దుకుని కిందికి దిగితే, పెద్దసారు తలెత్తకుండానే, “ఎక్కడికయ్యా? బరువు పెరిగిందని రాసినవాడివి నువ్వొక్కడివే. ఎందుకు పెరిగిందో అడగడం నేర్చుకో, చాలు,” అని, రిజిస్టరులో కొత్త గడి ఒకటి గీయించారు: ‘మేడ ఎవరెవరు ఎక్కారు?’

నేటికీ నా కింద పనిచేసే పిల్లలు పూరించే ఫారంలో ఆ గడి ఉంది. ఈ రోజుల్లో యంత్రాలే తూకం వేసి యంత్రాలే రాసుకుంటున్నాయి, ఇంకా ఈ ప్రశ్నెందుకు సార్ అని వాళ్లు నవ్వుకుంటారు. నవ్వనిస్తాను. కొన్నాళ్లకు పెద్దమ్మకు సుగర్ మందు మార్చారు. అది మాది కాదు.

పోయినవి: కొత్త మందు ఒకటి, ముప్పైతొమ్మిది రోజులు, మా నాన్న ఆఫీసులో నా పరువు, మొదటి రోగికి ఇచ్చిన మాట. మిగిలినవి: ఉద్యోగం, రిజిస్టరు, తెల్ల చొక్కా. చొక్కా ఇప్పుడు నాకు పట్టదు. మణికట్టు మీద మరక ఉండిన చోటు నాకు తప్ప మరెవరికీ కనిపించదు.