పురుగుమందు బిల్లులూ, పెన్షన్ పన్నూ

పోయిన వారం మా పక్కింటాయన ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చాడు. మంగళగిరిలో మా వీధి నిండా ఇప్పుడు ఆఫీసులకు వెళ్ళేవాళ్ళే. ఈయన ఒక కంపెనీలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరై, నెల తిరక్కుండానే ఇంకో కంపెనీలో చేరాడు. పెన్షన్‌లో కొంత భాగం వదులుకుని, దానికి బదులు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకున్నాడట. "జీతం వస్తుండగానే ఇది కూడా వచ్చి పడింది కదండీ, దీని మీద పన్నెంత పడుతుందంటారు?" అంటూ కాగితాలు బల్ల మీద పరిచాడు. నేను కళ్ళజోడు పెట్టుకున్నాను గానీ ఒక్క అంకె కూడా కనిపించలేదు. కాగితాలు ఒకసారి తిరగేసి మళ్ళీ అక్కడే పెట్టేశాను. మా ఆవిడ వంటింట్లోంచి నన్నొకసారి చూసి, ఆయనకు కాఫీ ఇచ్చి, "రేపు మా అల్లుడొస్తాడు, చూపిద్దాం లెండి" అని మర్యాదగా పంపించేసింది. నేను ఆ కుర్చీలోనే చాలాసేపు కూర్చుండిపోయాను.

తొంభైల చివరి సంగతి. పద్దెనిమిదేళ్ళు మిలిటరీలో చేసి హవల్దారుగా ఇంటికొచ్చాను. వచ్చేటప్పుడు నేనూ పెన్షన్‌లో కొంత అమ్ముకున్నాను. మా సిపాయిలంతా దాన్ని అమ్ముకోవడమనే అనేవాళ్ళు, గేదెను అమ్ముకున్నట్టు. లక్షా నలభై ఒక్క వేలు చేతికొచ్చింది. ఆ నెలలోనే దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, టైమ్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. కూలీలు లోపలికొచ్చే వేళా, బయటికెళ్ళే వేళా రాసుకోవడమే పని. సాయంత్రానికి కనుబొమలు కూడా సిమెంటుతో తెల్లబడేవి. గుమ్మంలో నన్ను చూసి మా ఆవిడ, "ఎవరో ముసలాయన వచ్చాడే" అని పిల్లలను పిలిచేది.

ఆ డబ్బుతో ఇల్లు కట్టుకోవాలని మా ఆలోచన. ఇల్లు కట్టలేదు. నేను రావడానికి ముందు ఏడు మా అన్నయ్య పక్క ఊళ్ళో నాలుగెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేశాడు. ఆ ఏడు పురుగు పట్టింది. మందు మీద మందు కొట్టినా కదల్లేదు. గుంటూరులో మందుల కొట్టు బాకీ, కౌలు బాకీ, వడ్డీకి తెచ్చినది, అన్నీ కలిసి ఆయన మీద పడ్డాయి. మా చుట్టుపక్కల ఊళ్ళల్లో పత్తి రైతులు ఒకరి తర్వాత ఒకరు, పైరుకు కొట్టగా మిగిలిన ఆ మందే తాగి చచ్చిపోతున్న రోజులవి. వీధి ఆ చివర నుంచి ఈ చివరకు కేకేసి మాట్లాడే మా అన్నయ్య, నేను వచ్చేసరికి అరుగు మీద కూర్చుని కాలి గోళ్ళు చూసుకుంటున్నాడు. ఒక పొద్దున వదిన ఒక గోనెసంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపల సగం ఖాళీ అయిన మందు డబ్బా ఉంది. "ఇది మా ఇంట్లో ఉండకూడదబ్బాయ్. నాకు తెలీనిచోట పారెయ్" అంది. సున్నపురాయి తవ్వి వదిలేసిన గోతిలో దాన్ని లోతుగా పూడ్చాను. మర్నాడు అన్నయ్యను వెంటబెట్టుకుని గుంటూరు వెళ్ళి బాకీలన్నీ కట్టేశాను. తిరుగు బస్సుకు టిక్కెట్లు పోగా నా జేబులో పదకొండు రూపాయలు మిగిలాయి.  వానలు పడ్డాక అన్నయ్య పత్తి మానేసి మిరప వేశాడు.

ఫిబ్రవరిలో, కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నప్పుడు, ఫ్యాక్టరీ అకౌంట్స్ గుమస్తా గారు నన్ను పిలిచారు. చెడ్డ మనిషి కాదు, తన టిఫిన్ క్యారియర్లో గారెలు ఉంటే నాకొకటి పెట్టేవారు. "ఈ ఏడు మీకు జీతం కాక ఇంకేమన్నా వచ్చిందాండీ?" అని అడిగారు. గొప్పగా చెప్పాను. ఆయన ఒక పుస్తకం తీసి, వేలు పెట్టి వెతికి, మొత్తంలో మూడో వంతుకు మినహాయింపు, మిగతా రెండు వంతులూ జీతంతో కలిపి లెక్కేయాలన్నారు. గళ్ళ కాగితం మీద అరగంట సేపు లెక్క వేశారు. పదిహేను వేల ఎనిమిది వందలు తేలింది. "మార్చిలోగా కట్టాలండీ. కట్టకపోతే నోటీసు వస్తుంది" అన్నారు. నాకది దాదాపు నాలుగు నెలల జీతం.

మంచుకొండల్లో రెండు చలికాలాలు తుపాకీ పట్టుకుని నిలబడ్డ మనిషిని, గళ్ళ కాగితానికి వణికాను. కూలీల హాజరు పట్టీల వెనక ఆ లెక్క మళ్ళీ మళ్ళీ వేసేవాణ్ణి. కూడినా తీసేసినా అదే పదిహేను వేల ఎనిమిది వందలు. ఎవరైనా ఖాకీ సంచితో గేటు దగ్గర ఆగితే, నోటీసే వచ్చిందని పట్టీ మూసేసి లేచి నిలబడేవాణ్ణి. అయితే నా అసలు భయం పన్ను గురించి కాదు. ఈ సంగతి అన్నయ్య చెవిన పడితే, తన అప్పు తీర్చినందుకు తమ్ముడి మెడకు పన్ను చుట్టుకుందని తెలిస్తే, ఆయన మళ్ళీ అరుగు మీదికి వెళ్ళి కూర్చుంటాడు. ఈసారి కూర్చోవడంతో ఆగుతాడన్న నమ్మకం నాకు లేదు. వదిన ఒక డబ్బా నా చేతికిచ్చింది గానీ, మిరపకు కూడా మందు కొడతారు కదా. మా ఆవిడ గాజులు తీసి ఇచ్చింది. "వీటితో సగం కడదాం. మిగతాది చూద్దాం" అంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాను. ఆ ఆదివారమే చర్చిలో ఆరాధన అయ్యాక, వదిన "గాజులేవమ్మా?" అని అడిగితే, మొత్తం చెప్పేసింది. దైవసన్నిధిలో అబద్ధం ఎలా ఆడతానని తర్వాత నన్నే అడిగింది.

సోమవారం పొద్దున పదింటికి వదిన ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చింది. చెప్పులు లేవు. "మీ అన్నయ్య కనపట్టంలా అబ్బాయ్. రాత్రి ఆ పన్ను సంగతి ఆయనకు చెప్పేశా. చీకటితోనే తెల్లచొక్కా వేసుకుని పోయాడంట. సద్ది కూడా ముట్టలా" అంది. నేను ఎవరికీ చెప్పకుండా బయటికి వచ్చేశాను. కళ్ళానికి పరుగెత్తాను, మిరపకాయల మీద పట్టా కప్పి ఉంది, మనిషి లేడు. మోటారు షెడ్డు తలుపు తోశాను. తోసే ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. లోపల ఎవరూ లేరు. రోడ్డు మీద సోడాలమ్మే ఆయన, అన్నయ్య గుంటూరు బస్సెక్కడం చూశానన్నాడు. గుంటూరులో మా అన్నయ్యకు తెలిసినది ఒక్క మందుల కొట్టే.

ఆ బస్సు ప్రయాణం గురించి నేనిప్పటికీ ఎక్కువ మాట్లాడను. సత్తెనపల్లిలో పది నిమిషాలు ఆపితే డ్రైవరును బూతులు తిట్టానని మాత్రం గుర్తుంది. అంతకుముందు నేనెప్పుడూ ఎవరినీ అలా తిట్టలేదు. ముందు సీటు పట్టుకుని, దేవుడితో బేరాలాడాను. ఇల్లు వద్దన్నాను, ఉద్యోగం తీసుకోమన్నాను. కొట్టులోకి వెళ్ళగానే నా మొహం చూసి కొట్టాయన లేచి నిలబడ్డాడు.

"మీ అన్నయ్య ఇప్పుడే వెళ్ళాడండీ" అన్నాడు.

"ఏం కొన్నాడు?"

"ఏం కొనలా. పోయినేటి మందుల బిల్లులన్నీ తెచ్చి ఒక్కోదాని మీదా ముద్ర కొట్టించుకున్నాడు. ఇన్‌కంటాక్సు ఆఫీసు ఎక్కడని అడిగాడు."

నేను అక్కడే పత్తిగింజల బస్తా మీద కూర్చున్నాను. మరుక్షణం కొత్త భయం పట్టుకుంది. ఆ ఆఫీసులో ఏం చెబుతున్నాడో, ఎవరిని ఇరికిస్తున్నాడో అని పరుగున వెళ్ళాను.

మేడ మీద గదిలో ఒక నడివయసు ఆఫీసరు ముందు మా అన్నయ్య నిలబడి ఉన్నాడు. బల్ల నిండా మందుల బిల్లులు. గది అంతా మందు వాసన. "వ్యవసాయం డబ్బుకు పన్ను లేదంట కదండీ. ఆ లక్షా నలభై వేలూ పత్తికే పోయింది. ఇవిగో బిల్లులు. అంటే అది వ్యవసాయం డబ్బే. నా పేరున రాసుకోండి, మా తమ్ముణ్ణి వదిలెయ్యండి" అంటున్నాడు. నన్ను చూసి కూడా ఆగలేదు. నేను అడ్డం వెళ్ళి, "సార్, ఆయనకేం తెలీదండీ, నేనే కడతానండీ" అన్నాను.

ఆఫీసరు నవ్వలేదు. నన్ను కూర్చోమని, గుమస్తా గారు వేసిన లెక్క చూశారు. "మూడో వంతు రూలు కంపెనీల వాళ్ళదండీ. మిలిటరీలో, గవర్నమెంటులో చేసినవాళ్ళు పెన్షన్ అమ్ముకుంటే వచ్చిన మొత్తానికి పన్ను లేదు. ఉద్యోగంలో ఉన్నా లేదు. పైసా కూడా కట్టక్కర్లేదు" అన్నారు.

అన్నయ్య కదల్లేదు. "రాసివ్వండి బాబూ" అన్నాడు. ఆయన ఒక మందు బిల్లు తిరగేసి, దాని వెనకే సెక్షన్ నంబరు రాసిచ్చారు. అది చూపిస్తే గుమస్తా గారు నాలుక కరుచుకుని, నాకు వారం రోజులు గారెలు పెట్టారు. అది తర్వాతి మాట.

బస్టాండులో ఇద్దరం ఇడ్లీ తిన్నాం. మిరపకాయల ఘాటుకు చుట్టూ అందరూ తుమ్ముతున్నారు, నాకు కళ్ళు తుడుచుకోవడానికి అది వీలుగా ఉంది. అన్నయ్య చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఏరా, నేనెక్కడికి పోయాననుకున్నావు?"

నేను టిక్కెట్టు డబ్బులు లెక్కపెట్టుకున్నాను.

"పోయినేడైతే అక్కడికే పోయేవాణ్ణి" అన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కాం.

ఆ తర్వాత ఆయన పాతికేళ్ళు బతికాడు. మిరపలో లాభాలూ చూశాడు, నష్టాలూ చూశాడు. నష్టం వచ్చిన ఏడల్లా నేను ఏదో వంకతో వెళ్ళి ఆ ఇంట్లో నాలుగు రోజులు ఉండి వచ్చేవాణ్ణి. ఎందుకొచ్చానని ఆయన ఎప్పుడూ అడగలేదు. రెండేళ్ళ కిందట, డెబ్బై దాటాక, మంచంలో, వదిన పక్కన ఉండగా, మామూలు జ్వరంతో పోయాడు. నేను ఏడ్చాను. ఏడుస్తూనే, పాతికేళ్ళుగా బిగబట్టిన ఊపిరి వదిలాను.